ఒక కారుకు ఎనిమిది టైర్లు

మావాడు మాంట్రియాల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కొన్నేళ్ళ క్రితం మేమిద్దరం అక్కడికి వెళ్ళినప్పుడు, నవంబరులో ఒక శనివారం, వాడు కారు తీసుకొని షాపుకు వెళ్ళి నాలుగు చక్రాలకూ వేరే టైర్లు వేయించుకొని వచ్చాడు. విప్పిన నాలుగింటినీ గరాజులో ఒకదానిపై ఒకటి పేర్చాడు. అవి నిక్షేపంగా ఉన్నాయి.

"అరగని టైర్లు ఎందుకు విప్పావురా?" అని అడిగాను.

"ఇవి ఎండాకాలానివి నాన్నా. మళ్ళీ ఏప్రిల్‌లో వేస్తా."

ఒక కారుకు ఎనిమిది టైర్లు! ముప్పై ఏళ్ళుగా లోను కాగితాలు చూస్తున్నవాణ్ణి, నాకు శుద్ధ దండుగగా తోచింది. వాడు నవ్వి, ఒక జత నడుస్తున్నప్పుడు రెండో జత అరగదు కదా అన్నాడు. ఆ మాట నిజమే. బి.కాం. చదివిన తండ్రికి ఇంజనీరు కొడుకు తరుగుదల లెక్క నేర్పాడు.

అసలు సంగతి రబ్బరులో ఉందట. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కన్నా చలి పెరిగితే బిగుసుకుపోతుంది. మంచు లేకపోయినా సరే, రోడ్డును పట్టుకోదు. చలికాలపు టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని మీద సన్నని గాట్లు వందల కొద్దీ ఉండి మంచును కరుచుకుంటాయి. క్విబెక్ రాష్ట్రంలో 2008 నుంచి ఇది చట్టం. ఇప్పుడు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఆ టైర్లు లేకుండా కారు నడిపితే జరిమానా. మన పిల్లలు చలి దేశాలకు చాలామంది వెళ్తున్నారు కనుక ఒక మాట. టైరు పక్కన 'ఎం ప్లస్ ఎస్' అని అక్షరాలు ఉంటే చాలదు. మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచు రేకు ఉన్న బొమ్మ ఉండాలి. పాత కారు కొనే పిల్లలకు ఈ మాట తప్పక చెప్పండి.

ఇవన్నీ విని తిరిగి వచ్చి, మన రాయవేలూరుకు ఈ గొడవ లేదు గదా అని హాయిగా ఉన్నాను. కిందటి కార్తీకంలో ఆ హాయి వదిలింది.

గుడియాత్తంలో మా మేనకోడలి సీమంతం. సాయంత్రం తిరుగు ప్రయాణం. వెనక సీట్లో మా ఆవిడ, మా అత్తగారు. పళ్ళికొండ దగ్గర హైవే ఎక్కేసరికి వాన పట్టుకుంది. ఎనభైలో ఉన్నాను. డివైడరు పక్కన నీళ్ళు నిలిచిన చోటికి రాగానే స్టీరింగు ఉన్నట్టుండి తేలికైపోయింది. తిప్పితే తిరుగుతోంది గాని కారు వినటం లేదు. వెనక భాగం ఒక పక్కకు జరిగింది. బ్రేకు తొక్కకుండా కాలు తీసేశాను. తెలివితో కాదు, భయంతో. నీళ్ళు దాటాక చక్రాలు మళ్ళీ రోడ్డును పట్టుకున్నాయి. వెనక లారీ ఏదీ దగ్గరలో లేకపోవటం మా అదృష్టం. వేలూరు వచ్చేదాకా మా అత్తగారు గోవింద నామం ఆపలేదు. మా ఆవిడ మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. అది ఇంకా కష్టంగా ఉండింది.

ఆ ఆదివారమే గుడియాత్తంలో నాకు తెలిసిన టైర్ల షాపుకు వెళ్ళాను. షాపతను మన తెలుగువాడే. గాడిలో చిన్న కొలబద్ద పెట్టి చూశాడు. మూడు మిల్లీమీటర్లు ఉంది. చట్టం అడిగేది 1.6 మాత్రమే.

"మరి బాగానే ఉంది కదప్పా?" అన్నాను.

"బటన్ ఉండాది సార్, ప్రాణం లేదు" అని బొటనవేలి గోరు నొక్కి చూపించాడు. గోరు దిగలేదు. పక్కల్లో వెంట్రుకల్లాంటి పగుళ్ళు. తరవాత టైరు పక్కన చిన్న అండాకారపు గడిలో ఉన్న నాలుగు అంకెలు చదవమన్నాడు. 2216. అంటే 2016లో 22వ వారంలో తయారైనది. ఎనిమిదేళ్ళు దాటింది!

నేను ఆ కారు సెకండ్ హ్యాండులో కొన్నాను. ఆర్.సి., ఇన్సూరెన్సు, పాత లోను తీరిందా లేదా, అన్నీ చూశాను. బ్యాంకులో కూడా అవే చూస్తాం. ఈ నాలుగు అంకెలు ఎవరమూ చూడం. కారు షెడ్డులో ఉన్నా, బాకీ మీద వడ్డీలాగా టైరుకు వయసు పెరుగుతూనే ఉంటుంది. అయిదేళ్ళు దాటాక ఏటా చూపించండి, పదేళ్ళు నిండితే అరగకపోయినా తీసేయండి అని కొన్ని పెద్ద కంపెనీలే చెబుతాయి. వేడికి రబ్బరు ఇంకా త్వరగా ముసలిదవుతుంది. అందుచేత మే నెలలో నలభై దాటే మన ఊళ్ళో పదేళ్ళు ఆగటం తగదని నా అభిప్రాయం. నేను ఆరుకే మార్చాలని నిర్ణయించుకున్నాను.

ఎండ సంగతి వచ్చింది కనుక నా ఇంకో తెలివితక్కువ కూడా చెప్పేస్తాను. కత్తిరి ఎండల్లో గాలి ఉబ్బి టైరు పేలుతుందని ఎవరో చెప్పగా, ఏటా మే నెలలో రెండు మూడు పాయింట్లు తగ్గించి పెట్టించేవాణ్ణి. మనలో చాలామంది చేసేదే. అది తలకిందుల పని. గాలి తక్కువైన టైరు పక్కలు ప్రతి తిప్పుకూ నలుగుతాయి, ఆ నలుగుడుకే వేడెక్కుతాయి, ఆ వేడికే పేలుతుంది. ఎండకు కొంత గాలి పెరుగుతుందని తయారుచేసినవాళ్ళకు తెలియదా? డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితంలో ఉన్న అంకె ప్రకారం, పొద్దున్నే బండి కదలకముందు పెట్టించుకుంటే చాలు. టైరు మీద అచ్చు వేసి ఉండే పెద్ద అంకె గరిష్ఠం. అది పెట్టించకూడదు.

వానకు గాడులు ముఖ్యం. చక్రం కింది నీరు గాడుల గుండా బయటికి పోవాలి. పోలేకపోతే చక్రం నీటి మీద తేలుతుంది. పళ్ళికొండలో నాకు జరిగింది అదే. 2021 నవంబరులో మోర్దానా డ్యాం పొంగి కౌండిన్య గుడియాత్తంలోకి వచ్చినప్పుడూ, పాలారు ఒడ్డులు ఒరుసుకొని పారినప్పుడూ చూశాం, మన వైపు వాన వస్తే ఎలా వస్తుందో. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే కనిపించే ఏరు గనుక మరిచిపోతాం. కనుక మూడు మిల్లీమీటర్లకు వచ్చిన టైరును ఆశ్వయుజం లోపే మార్చటం మంచిది.

షాపులో వెడల్పు టైరు వేసుకోమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. నిలిచిన నీటి మీద వెడల్పుది ఇంకా త్వరగా తేలుతుంది. రెండే కొనగలిగితే కొత్తవి వెనక వేయించండి. ఈ విషయంలో నేను షాపతనితో వాదించాను. స్టీరింగు ముందుంది కదా, కొత్తవి ముందుకే కదా అని. "ముందు జారితే కారు నేరుగా పోతుంది సార్, కాలు తీస్తే నిలబడుతుంది. వెనక జారితే బొంగరమే" అన్నాడు. ఆ రాత్రి వెనక భాగం జరిగిన తీరు గుర్తొచ్చి, వాదన అక్కడితో ఆపి, నాలుగూ కొత్తవే వేయించాను. తేదీలు చదివి మరీ తీసుకున్నాను.

ఆ అంకెల ఫోటో మావాడికి పంపాను. చాలా సంతోషించాడు. "స్టెప్నీ చూశావా నాన్నా?" అని అడిగాడు. చూడలేదు. డిక్కీలో సంచులూ, గొడుగులూ తీసి, చాప ఎత్తి, టార్చి వేసి చూశాను. 0914.