మీకు తెలుసా? ఆయా తీసిన లక్ష ఫొటోలు

అమెరికాలో, ఎక్కువగా షికాగో శివార్లలో, పిల్లల్ని చూసుకునే ఆయాగా సుమారు నలభై ఏళ్లు పనిచేసిన వివియన్ మేయర్ (1926-2009) లక్షకు పైగా ఫొటోలు తీసింది. బతికుండగా ఒక్క ప్రదర్శనా పెట్టలేదు.

పిల్లల్ని షికారుకు తీసుకెళ్లినా మెడలో రోలీఫ్లెక్స్ కెమెరా ఉండాల్సిందే. దాన్ని కంటికి ఆనించక్కర్లేదు. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి పైనున్న గాజుపలకలోకి చూస్తే చాలు. ఎదుటివాళ్లకు చాలాసార్లు అనుమానమే రాదు! రీలుకు పన్నెండే బొమ్మలు కాబట్టి ఆచితూచి నొక్కాలి. ఏడుస్తున్న పిల్లలు, ఫుట్‌పాత్ మీద నిద్రపోయేవాళ్లు, బొచ్చుకోట్ల దొరసానులు ఆమెకు దొరికారు. దుకాణాల అద్దాల్లో తన ప్రతిబింబాన్నీ వదల్లేదు. 1959లో బయల్దేరిన ప్రపంచయాత్రలో మన దేశానికీ వచ్చింది.

ముసలితనంలో అద్దె బాకీపడటంతో, గోదాములో దాచుకున్న ఆమె సామాను వేలానికి పోయింది. 2007లో జాన్ మలూఫ్ అనే కుర్రాడు పాత షికాగో ఫొటోల కోసం వెతుకుతూ 400 డాలర్ల లోపే ఒక పెట్టెడు నెగటివ్‌లు కొన్నాడు. ఆ తర్వాత బయటపడ్డవాటిలో కడగని రీళ్లే వందల కొద్దీ ఉన్నాయి. అంటే తను తీసిన ఫొటోల్లో చాలావాటిని ఆమే చూసుకోలేదన్నమాట! రెండేళ్లకు అతను ఆమె పేరు ఇంటర్నెట్‌లో వెతికితే దొరికింది మరణవార్త.

ఆమె కథతో 2013లో వచ్చిన డాక్యుమెంటరీ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఇంత దాపరికం మనిషి దీనికి ఒప్పుకునేదా? అనుమానమే. పైగా నెగటివ్‌లు కొన్నంత మాత్రాన కాపీరైట్ రాదు. పెళ్లీ పిల్లలూ లేని ఆమె ఫొటోల హక్కులకు వారసులెవరన్న వివాదం 2014లో షికాగో కోర్టుకెక్కింది.