గూని గుర్రంపై సెన్సారు కొరడా

పిల్లల కథలో రాజుగారిని మరిగే కాగులో పడేసి ఉడకబెట్టవచ్చునా? పందొమ్మిదేళ్ల కుర్రవాడొకడు ఆ పని చేశాడు. అదీ జారు చక్రవర్తుల ఏలుబడిలో, 1834లో, రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కూర్చుని!

ఆ కుర్రవాడు ప్యోత్ర్ యెర్షోవ్. సైబీరియాలోని ఒక పల్లెలో పుట్టి, విశ్వవిద్యాలయంలో చదువుకోడానికి రాజధాని చేరినవాడు. రష్యన్ జానపదుల నోట నలిగిన కథలనే గేయంగా అల్లి 'గూని గుర్రం' అని పేరు పెట్టాడు.

కథానాయకుడు ఇవాన్ ఒక రైతు కడగొట్టు కొడుకు. అందరి లెక్కలో ఒట్టి వెర్రిబాగులవాడు. రాత్రిళ్లు గోధుమచేను తొక్కేస్తున్న ఆడగుర్రాన్ని పట్టుకుంటే, విడిచిపెట్టినందుకు ప్రతిఫలంగా అది మూడు గుర్రాలనిస్తుంది. రెండు మేలుజాతివి. మూడోది పొట్టిది, రెండు గూనులది, చేటంత చెవులది. అయితేనేం, దానికి మాటలొచ్చు! దారిలో మెరుస్తూ పడివున్న అగ్నిపక్షి ఈకను ముట్టుకోవద్దని అది చెప్పినా ఇవాన్ వినడు. అక్కడినుంచీ అన్నీ తిప్పలే. ఆ పక్షిని పట్టుకు రమ్మంటాడు జారు. తర్వాత రాకుమారిని తెమ్మంటాడు. ఆ పైన సముద్రం అడుగున ఉన్న ఆమె ఉంగరం.

ఇంతకూ ఆ పిల్లకు పదిహేనేళ్లు. జారుకు తల నెరిసింది. లుబ్ధావధాన్లను ఎరిగిన మనకు ఈ పెళ్లి కొత్తగా తోచదు. రాకుమారి మాత్రం గడుసుది. మరిగే పాలు, మరిగే నీళ్లు, చన్నీళ్లు - మూడు కాగుల్లో మునిగి పడుచువాడివై రమ్మంటుంది. జారు ముందుగా ఇవాన్‌ను దూకిస్తాడు. గుర్రం మహిమతో వాడు అందగాడై పైకొస్తాడు. అది చూసి ఉత్సాహంగా దూకిన జారు కాగులోనే ఉడికిపోతాడు. ప్రజలు విచారించరు; ఇవాన్‌నే రాజుగా ఒప్పుకుంటారు.

సెన్సారు ఊరుకుంటుందా? తొలి ప్రచురణ కత్తిరింపులతోనే వెలువడింది. 1843 తర్వాత పదమూడేళ్లపాటు పుస్తకం మళ్లీ అచ్చు కాలేదు. 1856లో గాని తీసేసిన పాదాలు తిరిగి చోటు చేసుకోలేదు. ఆ తర్వాత 1864లో అది బ్యాలే అయింది. 1947లో ఇవనోవ్-వానో దానిని కార్టూన్ చిత్రంగా తీశాడు. 1975లో ఆయనే మళ్లీ తీశాడు.

యెర్షోవ్‌కు మాత్రం అంతటి రచన మరి కుదరలేదు. ఇంత చక్కని గేయం ఆ వయసువాడు రాయగలడా, ఇది పుష్కిన్‌దే అయివుండాలని ఇటీవలి దశాబ్దాల్లో కొందరు వాదించారు. అందుకు రాతప్రతి సాక్ష్యం ఏదీ లేదు. పండితుల్లో అత్యధికులు ఆ వాదాన్ని అంగీకరించలేదు. పాపం, ఒక్క మంచి పుస్తకం రాసినవాడికి అదీ దక్కనీయరన్నమాట!

చదువు ముగిశాక ఆయన సైబీరియాకే తిరిగిపోయి తొబోల్స్క్ ఉన్నత పాఠశాలలో పంతులుగా చేరాడు. మూలకాల పట్టిక రూపొందించిన మెండలీవ్ అక్కడ చదువుకున్నవాడే. తర్వాత ఆయన మారుటి కూతురిని పెళ్లాడాడు కూడా. 1869లో శిష్యుడి పట్టిక వెలువడింది. అదే ఏడాది తొబోల్స్క్‌లో గురువు కన్నుమూశాడు.