తర్కమునకు అందని శ్రీనివాసుడు

కుండను చూచి కుమ్మరి యుండెనని ఊహింతుము. ఆ విధముగనే జగత్తును చూచి జగత్కర్తను నిరూపింపవచ్చునా? బుద్ధి తన బలముతోనే భగవంతుని చేరగలదా, లేక శాస్త్రము చేయిపట్టి నడిపింపవలసినదేనా? తత్త్వశాస్త్రమునకును దైవశాస్త్రమునకును నడుమ పొలిమేరరాయి వంటిది ఈ ప్రశ్న.

రామానుజాచార్యులు (సంప్రదాయము ననుసరించి 1017-1137) తిరుమల కొండ క్రింద మేనమామయగు తిరుమలనంబి వద్ద ఒక సంవత్సరము రామాయణార్థములు వినిరనియు, శ్రీనివాసుని సన్నిధిలో 'వేదార్థసంగ్రహము'ను ఉపన్యసించిరనియు వైష్ణవులు చెప్పుదురు. పై ప్రశ్నకు వారి 'శ్రీభాష్యము' ఇచ్చిన సమాధానము విద్యార్థులకు ఆశ్చర్యము గొలుపును.

నైయాయికులు ఈశ్వరుని అనుమాన ప్రమాణముచే సాధింపబూనిరి. వారిలో ప్రసిద్ధుడు 'న్యాయకుసుమాంజలి' కర్తయగు ఉదయనాచార్యుడు. కార్యమునకు కర్త యుండవలెను, జగత్తు కార్యము, కావున దానికిని కర్త కలడని వారి వాదసారము. పరమభక్తులైన రామానుజులు దీనిని సంతోషముతో స్వీకరింతురని మనము తలంతుము. కాని బ్రహ్మసూత్రములలో మూడవదాని భాష్యమున వారు దీనిని ఖండించిరి. కొండలు, సముద్రములు అన్నియు ఒక్కమారే, ఒక్కనిచేతనే నిర్మింపబడెననుటకు ఆధారమేది? పెద్ద మేడను పలువురు కూడి కట్టుట లోకములో చూచుచున్నాము గదా! కుమ్మరికి దేహము కలదు, శక్తికి మితి కలదు. పోలికను కడదాక లాగినచో జగత్కర్తకును అవి అంటక తప్పదు. కావున బ్రహ్మవిషయమున శాస్త్రమొక్కటే ప్రమాణమని వారి నిర్ణయము.

అట్లని రామానుజులు తర్కమును తరిమివేయలేదు; తర్కపు హద్దును తర్కముతోనే గీచిరి. అవిద్యావాదముపై వారు చూపిన ఏడు అనుపపత్తులు వారి తర్కపటిమకు తార్కాణములు.

ఈ సమస్యయే రోము సామ్రాజ్యమునందలి తొలి క్రైస్తవ పండితులను గూడ వేధించెను. 2వ శతాబ్దివాడైన జస్టిను క్రైస్తవుడైన పిమ్మటను తత్త్వవేత్తల ఉత్తరీయమును విడువలేదు. సోక్రటీసు వంటివారిలో దైవవాక్కు బీజరూపమున నుండెనని తలంచెను. యూదులకు ధర్మశాస్త్రమెట్లో గ్రీకులకు తత్త్వశాస్త్రమట్లు, క్రీస్తు కడకు నడిపించు శిక్షకుడని అలెగ్జాండ్రియా క్లెమెంటు భావించెను. కార్థేజివాడగు టెర్టూలియను మాత్రము ఎథెన్సునకును జెరూసలేమునకును పొత్తు లేదని వాదించెను. అయినను ఆత్మను గూర్చి వ్రాయునప్పుడు స్తోయికుల భావములే అతనికి అక్కరకు వచ్చినవి. అగస్టీను (354-430) ప్లేటో సంప్రదాయ గ్రంథములలో దైవవాక్కును కనుగొనెను గాని, ఆ వాక్కు దేహధారి యయ్యెనను విషయము వానిలో కనుగొనలేకపోయెను.

పోలికకు మితి కలదు. రామానుజులకు ప్రమాణము అపౌరుషేయమైన వేదము. క్రైస్తవులకు దైవము తన్ను తాను వెల్లడించుకొన్నది చరిత్రలో జన్మించిన ఒక వ్యక్తియందు. అయినను ఇరువురి యెదుటను నిలిచిన చిక్కు ఒక్కటే: బుద్ధిని త్రోసివేసినచో విశ్వాసము మూఢమగును, బుద్ధినే గద్దెనెక్కించినచో దైవము ఒక ఊహామాత్రముగ మిగులును.

ఈ చిక్కు పండితులది మాత్రమే కాదు. లోకమును ఎవరు చేసిరని బాలుడు అడిగినప్పుడు ఉపాధ్యాయుడు తొందరపడి ఒక బలహీనయుక్తిని చెప్పుననుకొందము. బాలుడు పెరిగి ఆ యుక్తి లోపమును కనిపెట్టిననాడు యుక్తితోపాటు విశ్వాసమును గూడ పారవేయును. దుర్బలమైన ఊతకఱ్ఱ కంటె ఊత లేకుండుటయే మేలని రామానుజుల ఖండనము బోధించుచున్నది.

శ్రీభాష్యపు మంగళశ్లోకమున ఆచార్యులు కోరినది తర్కవిజయము కాదు. పరబ్రహ్మమైన శ్రీనివాసునియందు తమ శేముషి భక్తిరూపము దాల్చవలెనని వేడిరి. శేముషి యనగా బుద్ధియే. అది నశించి భక్తి పుట్టవలెనని వారు కోరలేదు; అదియే పండి భక్తి కావలెనని కోరిరి. నేడు తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమున న్యాయమును, విశిష్టాద్వైతమును ఒక్క ప్రాంగణముననే బోధింపబడుచున్నవి. వానిని ఇరుగుపొరుగు శాస్త్రములుగ నిలుపుటయే ఉచితము. తర్కమును చక్కగా నేర్చినవానికే అది ఎచ్చట ఆగవలెనో తెలియును.