తళ్లికోటను ఆపలేని కాలయంత్రం: అపోహలు – వాస్తవాలు

రెండు నాగరికతల చేతికి కాలయంత్రాలు చిక్కాయనుకుందాం. ఒకరు గతంలోకి వెళ్లి ఎదుటివాళ్ల తాతముత్తాతల సైన్యాన్ని దెబ్బతీస్తారు. వాళ్లు ఇంకా వెనక్కి వెళ్లి దాన్ని సరిచేసుకుంటారు. చివరికి ఒకరు గెలుస్తారు, రెండోవాళ్లు ఆనవాలు లేకుండా పోతారు. సినిమాల పుణ్యమా అని ఈ కథ మన పిల్లలకు బాగా తెలుసు. కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో ఓర్వకల్లు రాళ్లను చూస్తే, ఆ యుద్ధం తర్వాతి లోకం ఇలాగే ఉంటుందేమో అనిపిస్తుంది. 2013 జులైలో ‘బాహుబలి’ చిత్రీకరణ మొదలైంది కూడా ఈ రాళ్ల మధ్యనే. అయితే వాటికి ఆ రూపం ఇచ్చింది ఏ ఒక్క విధ్వంసమూ కాదు. ఎండా వానా గాలీ మన ఊహకందనంత కాలం కొద్దికొద్దిగా కొరుక్కుతింటే తేలిన రూపమది. కాలయుద్ధాల కథలు మన మనసుల్లో నాటిన అపోహ సరిగ్గా ఇక్కడే ఉంది. చరిత్ర ఒక్క రోజులో మలుపు తిరుగుతుందని, ఆ రోజును పట్టుకుని మారిస్తే అంతా మారిపోతుందని, ఓడినవాళ్లు ఆ పూటకే అంతమవుతారని మనం నమ్ముతున్నాం. ఉన్న ఆధారాలేవీ దీనికి ఒప్పుకోవు.

కాలయాత్ర మనకు హాలీవుడ్ నుంచి దిగుమతి అయిందనేవాళ్లున్నారు. మన పూర్వులకు కాలయంత్రం ఉండేదనేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. భాగవతంలోనూ విష్ణు పురాణంలోనూ కకుద్మి కథ ఉంది. కూతురు రేవతికి తగిన వరుడెవరో అడగడానికి ఆ రాజు బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ గానం ముగిసేదాకా కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోతాయి. అతను మనసులో అనుకున్న వరులే కాదు, వాళ్ల మనవల పేర్లు కూడా వినిపించవు. తిరిగొచ్చాక రేవతి ఆ కాలపు మనుషులకంటే ఎంతో పొడవుగా ఉంటే, బలరాముడు నాగలి కొనతో ఆమె ఎత్తు తగ్గించి పెళ్లాడాడని విష్ణు పురాణం చెబుతుంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైన చోటు ఇదే. రెండు యుగాలు ఎదురుపడితే ఇక్కడ యుద్ధం రాలేదు, పొత్తు కుదిరింది. పైగా కకుద్మి ముందుకే వెళ్లాడు. పోయిన కాలాన్ని వెనక్కి తెమ్మని బ్రహ్మను కూడా అడగలేదు.

అంటే సాపేక్షతా సిద్ధాంతం మనవాళ్లకు ముందే తెలుసా అని అడుగుతారు. పోలిక అందమైనదే కానీ ఊహ వేరు, లెక్క వేరు. 1971లో హాఫెలే, కీటింగ్ అణు గడియారాలను విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. తూర్పుగా వెళ్లినవి నేలమీది గడియారాల కన్నా సుమారు 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరగా వెళ్లినవి 273 నానోసెకన్లు ముందున్నాయి. సిద్ధాంతం ముందే చెప్పిన అంకెలకు ఇవి దగ్గరగా వచ్చాయి. ఓర్వకల్లు విమానాశ్రయానికి దారి చూపే ఫోన్ కూడా ఈ లెక్క మీదే ఆధారపడింది. జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. సరిచేయకపోతే ఒక్క రోజులోనే దూరాల్లో పది కిలోమీటర్లకు పైగా తేడా వస్తుంది. కాలం ఒకరికి నెమ్మదిగా, ఇంకొకరికి వేగంగా నడుస్తుందని ఇంతవరకు రుజువైంది. నిన్నటిలోకి ఎవరైనా వెళ్లగలరని మాత్రం ఏ ప్రయోగమూ చూపలేదు.

ఇక సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991) సంగతి. అందులోని కాలయంత్రం మనుషుల్ని 1526లోని కృష్ణదేవరాయల కొలువుకూ, మూడో ప్రపంచయుద్ధం ముగిశాక రేడియేషన్‌కు భయపడి జనం నేలకింద బతికే 2504కూ తీసుకెళ్తుంది. 1526 అంటే విజయనగరం ఓడిన తళ్లికోట యుద్ధానికి 39 ఏళ్ల ముందు. రాయల చెవిన ఒక్క మాట వేసుంటే విజయనగరం నిలిచేది కదా అన్న ఆశ, ఆ సినిమా చూసిన తెలుగువాడికి ఎప్పుడో ఒకప్పుడు కలిగే ఉంటుంది. ఆ ఆశలో తప్పు లేదు, లెక్కలోనే తప్పుంది. 1565 జనవరి నాటి ఓటమి ఆ రోజు పుట్టింది కాదు. విజయనగరాన్ని నడిపించిన అళియ రామరాయలు ఒకసారి అహ్మద్‌నగర్‌తో కలిసి బిజాపూర్ మీదికి, ఇంకోసారి బిజాపూర్‌తో కలిసి అహ్మద్‌నగర్ మీదికి వెళ్లాడు. రెండు దశాబ్దాలు ఇలా నడిచాక దక్కన్ సుల్తానులు ఒక్కటయ్యారు. వాళ్లలో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా విజయనగరంలోనే ఏడేళ్లు తలదాచుకున్నవాడు.

ఇప్పుడు కాలయోధుడు వెళ్లి దేన్ని మార్చాలి? ఇబ్రహీంకు ఆశ్రయం ఇవ్వొద్దని చెబుదామంటే, మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ప్రభువు మనకు మిగలడు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చింది అతనికే. విజయనగరాన్ని నిలబెట్టబోయి మన సాహిత్యంలో ఒక అధ్యాయాన్ని చెరిపేసుకుంటాం. కోల్పోయిన చోటా సంపాదించుకున్న చోటా ఒకే పోగు నడుస్తున్నప్పుడు, దేన్ని తెంపాలో ఎవరు నిర్ణయిస్తారు?

తళ్లికోటతో అంతా ఐపోయిందన్నదీ అపోహే. హంపి పాడుబడింది నిజం, ఆ నష్టం చిన్నదని ఎవరూ అనరు. కానీ అరవీటి వంశపు తిరుమల రాయలు పెనుకొండ నుంచి ఏలాడు, తర్వాతివాళ్లు చంద్రగిరి నుంచి ఏలారు. కర్నూలు కోట బిజాపూర్ సేనాని అబ్దుల్ వహాబ్‌ చేతికి చిక్కింది 1624లో. అప్పటిదాకా అది అరవీటి గోపాలరాజు చేతిలోనే ఉంది. 1639లో ఈస్ట్ ఇండియా కంపెనీకి మద్రాసులో చోటిచ్చిన దామెర్ల వెంకటప్ప నాయకుడు కూడా ఆ వంశానికి సామంతుడే. అంటే యుద్ధం ముగిసిన డెబ్బై నాలుగేళ్లకు కూడా ఆ రాజ్యం పేరుతో పత్రాలు రాస్తూనే ఉన్నారు.

రాజ్యాలకు కొన ఊపిరి ఉంటుంది కానీ మహోత్పాతం వస్తే ఏం మిగులుతుందని వాదించొచ్చు. దానికి జవాబు నంద్యాల జిల్లా జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో ఉంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు పడిన బూడిద అక్కడ తెల్లటి పొరగా దొరుకుతుంది. ఆ పొర కిందా పైనా రాతి పనిముట్లు ఉన్నాయి, వాటి తీరులో పెద్ద మార్పు లేదని 2007లో పరిశోధకులు ప్రకటించారు. పనిముట్లను బట్టి ఎంతమంది చచ్చారో చెప్పలేం, వాటిని చేసినవాళ్లెవరన్న దాని మీదా పండితుల్లో వాదాలున్నాయి. అయినా బూడిద పడ్డాక కూడా ఈ లోయలో రాయి చెక్కిన చెయ్యి ఉంది. కాలయుద్ధాల కథలు రాసేవాళ్లు ఆ చెయ్యి దగ్గర మొదలుపెడితే బాగుంటుందని నా కోరిక. గెలిచిందెవరన్న ప్రశ్నకన్నా, మర్నాడు పొద్దున ఎవరు ఏం వండుకున్నారన్నదే మనకు తక్కువ తెలిసిన కథ.