పాదానికొక పీట

చెప్పులోని రాయి మనిషిని యెంత వేధిస్తుందో వేమన చెప్పగా మనమందరమూ చిన్నప్పుడే బళ్లో చదువుకున్నాము. అటువంటిది, కొలతలిచ్చి, డబ్బిచ్చి, చెప్పులో ఒక గుబ్బ పెట్టించుకుని వచ్చినవాళ్లము మేము. మొదటి వారం అది అచ్చంగా రాయిలాగే వున్నది. ఇప్పుడు అది లేనిదే పొన్నేరి బస్సుకు నడవలేము. ఈ రెంటికీ మధ్య జరిగినదంతా చెప్పుకోదగినంత గొప్ప కథ కాదు. కాని మోకాళ్లు పట్టుకుని లేచేవాళ్లు లేని యిల్లు మనలో అరుదు కాబట్టి, ఒకరికైనా పనికివస్తుందని వ్రాస్తున్నాము.

మేముండేది పళవేర్కాడు. పటాలలో పులికాట్ అని వుంటుంది. మన పెద్దలు ప్రళయకావేరి అనేవారు. డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్న వూరిది. మన దేశంలో చిలుక సరస్సు తరువాత అంత పెద్ద వుప్పునీటి సరస్సు మాదే. వూరంతా యిసుక. ఇసుకలో చెప్పు బరువు, తడిలో చెప్పు జారుడు. నీళ్లలో చేత్తో రొయ్యలు తడిమి పట్టే ఆడవాళ్లు, వలలు లాగే మగవాళ్లు చెప్పులు తొడుక్కుని పనిచేయలేరు. మేమూ వట్టి కాళ్లతోనే బడికి వెళ్లి, వట్టి కాళ్లతోనే పెరిగాము. పాదమంటూ ఒకటి వున్నదని నలభై రెండేళ్లు వచ్చేదాకా తలుచుకోలేదు.

నాలుగేళ్ల కిందట అది తనను తాను జ్ఞాపకం చేసింది. తెల్లవారి మంచం దిగి మొదటి అడుగు వేస్తే, సున్నానికని పోగుచేసిన గుల్లల కుప్ప మీద కాలు మోపినట్లుండేది. మొదట చెప్పుల తప్పు అనుకున్నాము. తరువాత వయస్సు తప్పు అనుకున్నాము. చేతివేళ్ల కణుపులు కూడా వాచి, కచ్చేరీలో పదిగంటలకు కూడా కలం పట్టలేకపోయిన రోజున భయమువేసి చెన్నపట్నం వెళ్లాము. రక్తపరీక్షలు చేసి, అది రుమటాయిడ్ కీళ్లవాతమని తేల్చారు.

మేము వైద్యులము కాము, పదో తరగతి చదివిన గుమాస్తాలము. అయినా డాక్టరమ్మ ఓపికగా చెప్పినది మాకు అర్థమైనంత మేరకు చెపుతాము. వయస్సుతో కీళ్లు అరిగిపోవడం వేరు, యిది వేరు. అరుగుదల యెక్కువగా మోకాళ్లను, తుంటిని పట్టుతుంది. ఇందులోనో, మనను కాపాడవలసిన శరీర రక్షణశక్తే దారితప్పి, కీళ్ల లోపలి పొర మీద దాడిచేస్తుంది. చాలామందిలో చేతులలో, కాళ్లలో వుండే చిన్న కీళ్లతో, రెండు పక్కలా మొదలవుతుంది. పాదంలో 26 యెముకలు, 33 కీళ్లు వున్నాయి. వేళ్ల మొదట్లో, అరికాలి ముందుభాగాన, అయిదు యెముకల గుండ్లు నేలకు ఆనుతాయి. వాటికింద సహజంగా ఒక కొవ్వుమెత్త వుంటుంది. జబ్బు ముదిరితే వేళ్లు పైకి ముడుచుకుని, ఆ మెత్త ముందుకు జారిపోతుంది. అప్పుడు యెముక నేరుగా చర్మాన్ని నేలకేసి నొక్కుతుంది. మా గుల్లల కుప్ప అదే.

మందులు మొదలుపెట్టిన కొన్ని నెలలకు వాపు తగ్గింది. నడకలో నొప్పి మాత్రం పూర్తిగా పోలేదు. అప్పుడు పాదాల కొలత తీయించి, చెప్పులో పెట్టుకునే మెత్తలు చేయించమన్నారు. ఆస్పత్రిలో వాటిని ఇన్‌సోళ్లు అంటారు. మా యింట్లో వాటి పేరు మెత్తలే.

కొలత తీసే తీరు చూడ ముచ్చటగా వున్నది. నురగలాంటి పదార్థం నింపిన పెట్టెలో ఒక్కొక్క పాదాన్నీ నొక్కించారు. తడి యిసుకలో అడుగు పడ్డట్టు, వంపులతో, గుంటలతో మా పాదం దిగబడింది. ఆ గుర్తులో సున్నపుపిండి వంటి ప్లాస్టరు పోసి, పాదపు అచ్చు తీసి, దానిమీద మెత్త చేస్తారు. అడుగుపొర కొంచెం గట్టిది, పైపొర మెత్తనిది. అరికాలి వంపును కింది నుంచి పట్టుకుంటుంది. అయిదు గుండ్లకు సరిగ్గా కింద కాక, వాటికి కాస్త వెనుకగా, ఒక చిన్న గుబ్బ వుంటుంది. బరువు గుండ్ల మీద పడకముందే ఆ గుబ్బ కొంత మోస్తుంది. పాదానికొక పీట వేయడమే దీని పని.

ఈ వుపాయం యెక్కడో సీమలో పుట్టి మనకు దిగుమతి అయినదని అనుకున్నాము. తీరా చూస్తే దీని కథలో మన దక్షిణదేశానికి కూడా పాలున్నది. కొల్లిమలలలో 1914లో పుట్టిన డాక్టరు పాల్ బ్రాండ్, 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చి కుష్ఠురోగుల చేతులకు, కాళ్లకు చికిత్స చేశారు. స్పర్శ లేని ఆ పాదాలకు పుండ్లు పడుతున్నది జబ్బు కొరకడం వల్ల కాదనీ, ఒకే చోట మళ్లీ మళ్లీ పడే వత్తిడి వల్లననీ ఆయన చూపించారు. వత్తిడిని పాదమంతటా పంచితే పుండు పడదు. అందుకోసం సన్నని గాలిబుడగలున్న మైక్రోసెల్యులర్ రబ్బరుతో చెప్పులు చేయించారు. ఆ రబ్బరు చెప్పులు యీనాటికీ మధుమేహం వున్నవారికి, పాదాలలో స్పర్శ తగ్గినవారికి వాడుతున్నారు. అడయారులో 1948లో నెలకొన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థలో కూడా మధుమేహ రోగుల పాదరక్షల మీద పరిశోధన జరిగింది. 1958 నుంచి 1971 వరకు ఆ సంస్థను నడిపినవారు మన తెనాలి ప్రాంతపు యలవర్తి నాయుడమ్మగారు. కుష్ఠులో నొప్పి తెలియక పాదం చెడుతుంది. మా జబ్బులో నొప్పి తెలిసి మనిషి కుంగుతాడు. వత్తిడిని పంచడమన్న సూత్రం మాత్రం రెంటికీ ఒకటే.

ఇక మా తెలివితక్కువ పనులు చెప్పాలి. మెత్తలు చేతికిచ్చినప్పుడు, మొదటి రోజు ఒక గంట, రెండో రోజు రెండు గంటలు, అలా రోజుకొక గంట చొప్పున పెంచమన్నారు. పాదమూ, పిక్కా, మోకాలూ యిన్నేళ్లుగా ఒక తీరున బరువు మోయడానికి అలవాటుపడ్డాయి. తీరు మారితే వాటికి రెండు మూడు వారాలైనా గడువివ్వాలట. మేమేమో మర్నాడే బూట్లలో పెట్టుకుని కచ్చేరీకి వెళ్లాము. బూటులో అంతకుముందున్న అట్టను తీసివేయకుండా దానిమీదనే వేశాము. మడమ పైకి లేచి, పాదం ముందుకు జారి, వెనుకనుండవలసిన గుబ్బ సరిగ్గా నొప్పి గుండ్ల కిందికి వచ్చింది. సాయంకాలానికి పిక్కలు పట్టివేశాయి, కుడిపాదం మీద బొబ్బ లేచింది.

ఆ రాత్రి మెత్తలను బీరువా అడుగున పడేశాము. మూడు నెలలు తీయలేదు. మా యింటావిడ, "ఏమండీ, మెత్తలు పెట్టుకున్నారా?" అని అడిగితే, "ఆఁ" అని అబద్ధమాడాము. అంత ఖర్చుపెట్టించి పనికిరాలేదని చెప్పడానికి సిగ్గు అడ్డువచ్చింది. నొప్పికి భయపడి నడక తగ్గించాము. నడక తగ్గేకొద్దీ కాళ్ల బలం తగ్గింది. సాయంకాలం పడవల రేవు దాకా వెళ్లడం మానేశాము. ఒకనాడు బస్సు కదులుతుంటే నాలుగడుగులు పరుగెత్తలేక పొన్నేరిలో నిలబడిపోయాము. ఆ రోజున యింటికి వచ్చి నిజం చెప్పాము. ఆమె కోప్పడలేదు. బీరువా తీసి, మెత్తలు తుడిచి, సంచిలో పెట్టి, "రేపు సెలవు పెట్టండి, వెడదాము" అన్నది.

చెన్నపట్నంలో చేసినవారు మా బూట్లు చూసి నవ్వి, ముందు చెప్పు సరిచేయమన్నారు. చెప్పు లోతుగా వుండాలి, వేళ్లచోట వెడల్పుండాలి, మడమ వెనుక పట్టీ వుండాలి, లోపలి అట్ట పైకి తీయడానికి రావాలి. హవాయి చెప్పులలో యీ మెత్త నిలవదు. సాయంకాలానికి పాదం కొంచెం వాస్తుంది గనుక, చెప్పులు సాయంకాలమే, మెత్తలు వెంటబెట్టుకుని వెళ్లి కొనాలి. గుబ్బను కూడా కొంచెం అరగదీసి యిచ్చారు. అలా సరిచేయించుకోవడానికి ఒకటి రెండుసార్లు వెళ్లడం మామూలేనట. మేము అది మా వోటమి అనుకుని మూడు నెలలు పోగొట్టుకున్నాము.

రెండోసారి క్యాలెండరు మీద గంటలు వేసుకుంటూ పెంచాము. అరికాలి వంపులో, పిక్కలో కొద్దిపాటి లాగుడు వుండేది, తెల్లవారేసరికి పోయేది. అటువంటి దానికి భయపడనక్కరలేదు. మెత్త తీసిన అరగంటకు కూడా ఎరుపు తగ్గకపోయినా, బొబ్బ లేచినా, మోకాలిలోనో నడుములోనో కొత్త నొప్పి వచ్చినా ఆపి, చేసినవారికి చూపించాలి. మధుమేహం వుండి కాళ్లలో స్పర్శ తగ్గినవారు నొప్పి చెపుతుందిలే అని వూరుకోకూడదు. రోజూ రాత్రి అరికాళ్లను కంటితో చూసుకోవాలి. పన్నెండో రోజున మాకు గుబ్బ సంగతి జ్ఞాపకం రాలేదు. నాలుగో వారంలో రేవు దాకా నడిచాము.

మా వూరికి తగినట్లు యింకొన్ని నేర్చుకున్నాము. మెత్త కింద చేరిన యిసుకను ప్రతి సాయంకాలం దులపాలి. ఐప్పసి, కార్తిక మాసాల వానల్లో తడిస్తే నీడలోనే ఆరబెట్టాలి. మేము ఒకసారి మేడమీద యెండలో పెట్టగా అంచు వంకరపోయింది.

అన్నిటికన్న కష్టమైన పని యింకొకటి. మనవాళ్లు చెప్పులు గుమ్మం బయటనే విడుస్తాము. కచ్చేరీలో కుర్చీమీద కూర్చుంటాము, యింట్లోనేమో గచ్చుమీద వట్టి కాళ్లతో తిరుగుతాము. ఇంటిలో నడిచేటప్పుడు కూడా పాదానికి ఆదరువుండాలని డాక్టరమ్మ అన్నారు. మరొక జత కొని, ఒక్కసారి కూడా వీధిలో పెట్టకుండా గుమ్మం లోపల వుంచాము. మా అమ్మకు అది సహించలేదు.

"ఏమిరా, లక్ష్మి వచ్చే గుమ్మంలో చెప్పుకాలు పెడతావా? మీ నాయన యెనభై యేళ్లు వట్టి కాళ్లతో తిరగలేదా?"

వారం రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. మేము తెచ్చిన కాఫీ గ్లాసు అలాగే వుండేది. వాదించి ప్రయోజనం లేదని, ఒక వుదయం కూర్చోబెట్టి, పాదాలు రెండూ ఆమె ముందు పెట్టి చూపించాము. పక్కకు వాలిన బొటనవేళ్లు, పైకి ముడుచుకున్న రెండో వేళ్లు చూసి చేత్తో తడిమింది. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ మీదట, "వంటింటి దాకా వేసుకో. దేవుడి గది ముందర విడువు" అన్నది. గుడికి మేము వట్టి కాళ్లతోనే వెడతాము. రాయి కాలకముందే వెళ్లి, దర్శనమయ్యాక మండపంలో కూర్చుంటాము.

కొన్నాళ్లకు అమ్మే అడిగింది, "ఆ పీట నా కాలికీ వేస్తారా?" అని. 2006లో తమిళనాట, ఆంధ్రలో చికున్‌గున్యా జ్వరం ప్రబలినప్పుడు ఆమెకూ వచ్చింది. జ్వరం వారంలో పోయినా కీళ్ల నొప్పులు యేళ్ల తరబడి నిలిచిపోయాయట. ఇంట్లో ఎవ్వరితోనూ అనలేదు. ఆమెను తీసుకువెళ్లి చూపించాము. మోకాళ్ల అరుగుదల తప్ప పాదాలకు దోషం లేదనీ, కొలిచి చేసిన మెత్తలు అక్కరలేదనీ, వెనుక పట్టీ వున్న మెత్తని చెప్పులు, తొడ కండరాలకు వ్యాయామం చాలుననీ చెప్పారు. అందరికీ మెత్తలు అవసరం కాదు. మధుమేహమో, పాదం వంకరో వున్నవారు బజారులో దొరికేది తెచ్చి పెట్టుకునే ముందు డాక్టరుకు చూపించడం మంచిది. ఖర్చుకు వెనుకాడేవారు చెన్నపట్నం కె.కె. నగరులోని ప్రభుత్వ పునరావాస వైద్యసంస్థలో విచారించవచ్చును. కృత్రిమ అవయవాలు, యిటువంటి వూతసాధనాలు చేసే చోటు అది.

మెత్త మందు కాదన్న సంగతి కూడా మరువకూడదు. జబ్బును ఆపేవి మందులే. నడక సుఖమైనదని మేము వాటిని మానలేదు, మానకూడదు కూడాను. మా బొటనవేలు తిరిగి నిటారు కాలేదు, కాదు. వానాకాలంలో యిప్పటికీ కొన్ని వుదయాలు గుల్లల మీద అడుగు వేసినట్లే వుంటుంది. కాని ఆ అడుగు తరువాత రెండో అడుగు వేయగలుగుతున్నాము.

ఇప్పుడు మా గుమ్మం లోపల రెండు జతలున్నాయి, ఒకటి మాది, ఒకటి అమ్మది. తెల్లవారి మాకంటె ముందు లేచి, రెండింటినీ తుడిచి వరుసగా పెట్టేది ఆమే.