మోరి ఊదింది ఎవరు?

కొత్తపల్లి జలపాతం అని ఫోన్‌లో వెతకండి. జి.మాడుగుల మండలంలో రాళ్ల మీంచి మెట్లు మెట్లుగా దూకే ఆ నీళ్ల వీడియోలు వరసగా వస్తాయి. చాలా వాటి వెనక నెట్‌లో ఉచితంగా దొరికే గిటారో పియానోనో వినిపిస్తుంది. కొన్నింటిలో మాత్రం తుడుము అనే వాద్యం మోగుతుంది, ఊదే వాద్యమైన మోరి సన్నగా పలుకుతుంది, ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని ధింసా నృత్యపు అడుగులు వేస్తుంటారు. కింద వివరాలు చూస్తే తీసినవారి పేరు ఉంటుంది, ఎడిటింగ్ చేసినవారి పేరూ ఉంటుంది. మోరి ఊదిన మనిషి పేరు కనిపించదు. ఆ చోట ‘గిరిజన సంగీతం’ అన్న రెండు మాటలతో సరిపెడతారు.

ఆ పేరు దొరకడం అసాధ్యమేమీ కాదు. ఇంతకంటే కష్టమైన పేర్లను పట్టుకున్నవాళ్లున్నారు. యాభై ఏళ్ల కిందటి బ్రిటిష్ టీవీ హాస్య కార్యక్రమాల్లో, ప్రేక్షకుల నవ్వుల కింద ఇరవై సెకన్లు వినిపించి మాయమయ్యే సంగీతం ఎవరిదో, ఏ రికార్డులో ఎన్నో ట్రాకో తేల్చడానికి అక్కడి అభిమానులు ఏళ్లకేళ్లు వెచ్చించారు. చాలా వాటికి జవాబులు దొరికాయి. వాళ్లు వెతికిన తీరు తెలుసుకుంటే మన కొండల్లో ఏం చేయాలో తెలుస్తుంది.

టీవీలో ప్రతి సన్నివేశానికీ కొత్తగా పాట కట్టించి, వాద్యబృందాన్ని కూర్చోబెట్టి రికార్డు చేయించే డబ్బు, వ్యవధి నిర్మాతలకు ఉండవు. ఆ అవసరం తీర్చడానికి పుట్టిందే లైబ్రరీ సంగీతం. 1909లో మేయర్ డి వోల్ఫ్ లండన్‌లో మూకీ సినిమాలకు సంగీతం సమకూర్చే సంస్థ పెట్టారు. తర్వాతి కాలంలో కేపీఎం వంటి సంస్థలు వచ్చాయి. పరుగు, పల్లెటూరు, కర్మాగారం, రాజసం, ప్రమాదం, ఇలా సందర్భానికో బాణీ ముందుగానే చేయించి రికార్డుల మీద ఉంచేవారు. ఆ రికార్డులు దుకాణాల్లో అమ్మేవి కావు, స్టూడియోలకే పంపేవారు. కేపీఎం వారి ప్రసిద్ధ వరసలో అన్నింటికీ ఒకే ఆకుపచ్చ అట్ట ఉండేది, వెనక ప్రతి ట్రాక్ స్వభావం ఒకటి రెండు ముక్కల్లో రాసి ఉండేది. నిర్మాత తనకు కావలసింది ఎంచుకుని వాడుకున్నంత మేరకు రుసుము కట్టేవాడు.

1969 అక్టోబరు 5న బీబీసీలో తమ హాస్య కార్యక్రమం మొదలుపెట్టిన మాంటీ పైథాన్ బృందం ఈ సంగీతాన్ని విరివిగా వాడుకుంది. వాళ్లు 1975లో తీసిన ‘మాంటీ పైథాన్ అండ్ ది హోలీ గ్రెయిల్’ సినిమాకు నీల్ ఇన్నెస్ సంగీతం చేశారు. అందులో చాలా భాగం పక్కన పెట్టి డి వోల్ఫ్ లైబ్రరీ నుంచి తెచ్చిన ముక్కలు పెట్టారు. పాత వీరగాథా చిత్రాల గాంభీర్యం ఆ ముక్కల్లో ఉంది. లేని గుర్రాల మీద స్వారీ నటిస్తూ, వెనక కొబ్బరి చిప్పల చప్పుడుతో వచ్చే ఆర్థర్ రాజుకు నిజమైన రాజసంగీతం తోడవడం వల్లే ఆ హాస్యం పండింది.

ఆ గంభీరమైన బాణీ పేరు ‘హోమ్‌వార్డ్ బౌండ్’, స్వరకర్తగా నమోదైన పేరు జాక్ ట్రోంబీ. ఆ పేరుతో మనిషి లేడు. అసలు వ్యక్తి నెదర్లాండ్స్‌కు చెందిన యాన్ స్టూకార్ట్. ఇంకా కొన్ని మారుపేర్లతోనూ ఆయన బాణీలు కట్టారు. ‘వాన్ డెర్ వాల్క్’ అనే డిటెక్టివ్ సీరియల్‌కు వాడిన ఆయన బాణీ ‘ఐ లెవెల్’ 1973లో బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అంతటి విజయం చూసిన మనిషి కూడా సినిమా చూసేవారికి ఎవరో తెలియని వాడే. వెతికేవాళ్లు మారుపేరు దగ్గర ఆగకుండా దాని వెనకున్న మనిషి దాకా వెళ్లారు. నాకు వాళ్ల మీద గౌరవం కలిగింది అందుకే.

ఒకే బాణీ రెండు చోట్ల కనిపించి వెతికేవాళ్లను తికమకపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఆలన్ హాక్‌షా కట్టిన ‘చికెన్ మ్యాన్’ 1978లో బీబీసీ పాఠశాల సీరియల్ ‘గ్రేంజ్ హిల్’కు టైటిల్ సంగీతమైంది. మరుసటి ఏడాది మరో ఛానెల్‌లో మొదలైన ‘గివ్ అస్ ఎ క్లూ’ అనే మూకాభినయ ఆటల కార్యక్రమానికీ అదే పెట్టారు. మన ప్రేక్షకులు బాగా ఎరిగిన ‘మిస్టర్ బీన్’ సంగతి వేరు. దాని సంగీతం హోవర్డ్ గుడాల్ ఆ కార్యక్రమం కోసమే చేశారు. అలాగే బెనీ హిల్ పరుగుల వెనక వినిపించే శాక్సఫోన్ బాణీ 1963లో బూట్స్ రాండాల్ఫ్ అమెరికాలో విడుదల చేసిన రికార్డులోది. విన్నది లైబ్రరీ సంగీతమా, ప్రత్యేకంగా చేయించినదా, బజారులో దొరికే రికార్డా అన్నది తేల్చుకోవడమే వెతుకులాటలో మొదటి మెట్టు.

విన్న పాటను గుర్తుపట్టే షాజమ్ లాంటి యాప్ ఉంటే పని సులువు కాదా అని అడగొచ్చు. ఆ యాప్ ధ్వనిలో బలంగా వినిపించే బిందువులను, వాటి మధ్య కాలవ్యవధిని కొలిచి తన భండారంలోని రికార్డులతో పోల్చి చూస్తుంది. దానికి దొరికేది ఫలానా రికార్డింగే. అదే బాణీ ఇంకొకరు వాయిస్తే పోల్చలేకపోవచ్చు. భండారంలో లేనిది ఎంత గొప్పదైనా దాని దృష్టిలో లేనట్టే. నవ్వులు, మాటలు మీద పడితే మరింత ఇబ్బంది. కాబట్టి చివరికి నమ్ముకోవలసింది కాగితాన్నే. ఏ రోజు ప్రసారంలో ఏ సంగీతం ఎంతసేపు వినిపించిందో బీబీసీ రాసి పెట్టుకునేది. ఆ పత్రాలు ఇప్పటికీ కావర్‌షామ్‌లోని దాని రాతప్రతుల భండారంలో ఉన్నాయి. స్వరకర్తలకు రాయల్టీ పంచే సంఘం బ్రిటన్‌లో 1914 నుంచే పనిచేస్తోంది. డబ్బు పంచాలంటే పేరు కావాలి, అందుకని ప్రతి నిర్మాతా వాడిన సంగీతం వివరాలు రాసే కాగితం, అంటే క్యూ షీట్, నింపి ఇవ్వాల్సి వచ్చేది. ఆనాటి గుమాస్తాలు కళ కోసం రాయలేదు, లెక్కల కోసం రాశారు. ఆ లెక్కలే ఈనాడు చరిత్ర అయ్యాయి.

మన దగ్గరా పేరు వెనకబడి బాణీ ముందుకు నడిచిన కథ ఒకటుంది. విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. తెల్లవారుజామున తంబూరా శ్రుతి మీద వయొలిన్ పలికే ఆకాశవాణి సంకేత సంగీతంతో తెల్లవారిన ఇళ్లు మన కొండల్లో, మైదానాల్లో ఎన్నో. దాన్ని కట్టినవారిగా చెప్పే పేరు వాల్టర్ కౌఫ్‌మన్. 1907లో ఇప్పటి చెక్ దేశంలోని కార్ల్స్‌బాద్‌లో పుట్టిన యూదుడు. హిట్లర్ రోజుల్లో, 1934లో బొంబాయి చేరి, 1937 నుంచి 1946 దాకా అక్కడి రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూశారు. బాణీని కోట్లమంది విన్నారు, ఆయన పేరు మాత్రం చాలాకాలం కొద్దిమందికే తెలుసు. ఆయన గురించి నన్ను కదిలించిన సంగతి ఇంకొకటి. కౌఫ్‌మన్ బస్తర్ కొండల్లోని మాడియా, మురియా గోండుల పాటలనూ వాయిద్యాలనూ స్వరాల్లో రాసుకున్నారు. 1960, 1961లలో వాటి మీద ఆయన వ్యాసాలు అమెరికా సంగీత పరిశోధన పత్రికలో వచ్చాయి. మన తూర్పు కనుమలకు బస్తర్ పొరుగే. ఆయన రాతలు లేకపోతే అందులో కొంత సంగీతం ఈపాటికి మరుగున పడేదేమో.

ఇక ధింసా దగ్గరికి వద్దాం. ఇక్కడ ప్రశ్న తలకిందులవుతుంది. లైబ్రరీ సంగీతంలో స్వరకర్త పేరు రాసి ఉండేది, స్టూడియోలో వాయించినవాళ్ల పేర్లు రికార్డు మీద చాలావరకు కనిపించవు. ధింసాకు స్వరకర్త ఒకరు లేరు, అది తరాల సొత్తు. వాయించేవాడే దాని చిరునామా. ఊరి దేవత కోసం ఆడే బోడ ధింసాకూ, ఆకులు కోస్తున్నట్టు సాగే పొతర్ తోలాకూ, పులి బారి నుంచి తప్పించుకోవడాన్ని చూపే భాగ్ ధింసాకూ దెబ్బ మారుతుంది, నడక మారుతుంది. తుడుము, డప్పు, కిరిడి, జోడుకొమ్ములు, మోరి కలిసి మోగుతుంటే వృత్తం ఎప్పుడు కుదురుకోవాలో, ఎప్పుడు విచ్చుకోవాలో వాయిద్యగాళ్లే చెబుతారు. చైత్రంలో ఇటుకల పండుగ వచ్చిందంటే ఊరంతా వాళ్ల చుట్టూ తిరుగుతుంది. అలాంటి మనిషిని ‘గిరిజన సంగీతం’ అన్న రెండు మాటల కింద కప్పేయడం అన్యాయం.

మన చట్టం కూడా అది తప్పనే అంటుంది. కాపీరైట్ చట్టం ప్రదర్శకుల జాబితాలో గాయకుడు, వాద్యకారుడు, నర్తకి, గారడీవాడు మాత్రమే కాదు, పాములాడించేవాడూ ఉన్నాడు. 1994లో ప్రదర్శకులకు హక్కులు వచ్చాయి, 2012 సవరణ వాటికి నైతిక హక్కులు జోడించింది. వాడిన తీరువల్ల పేరు చెప్పడం కుదరని సందర్భాలు తప్ప, ఈ ప్రదర్శన తనదని గుర్తించాలని అడిగే హక్కు ప్రదర్శకుడికి ఉంది. తన ఇతర హక్కులు రాసిచ్చేసినా ఈ హక్కు పోదు. పాత బాణీ ఎవరి సొంతమూ కాకపోవచ్చు గానీ, ఫలానా రోజు ఫలానా ఊళ్లో ఊదిన ఆ ఊపిరి మాత్రం ఒక మనిషిదే. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’ పాట మీద తెలుగునాట పెద్ద చర్చే నడిచింది. ఆ జానపదాన్ని తానే సేకరించానని ఒక గాయని ముందుకొచ్చాక, సేకరించినవారికి పేరు దక్కాలా అని అందరూ మాట్లాడుకున్నారు. సినిమా పాట కాబట్టి అంత మాట నడిచింది. జలపాతం వీడియోలో వినిపించే మోరి గురించి అడిగేవాళ్లు ఇంకా రాలేదు.

క్యూ షీట్ లాంటి కాగితం మన కొండల్లోనూ పెట్టుకోవచ్చు. అందులో వాయించినవారి పేరు, ఊరు, వాయిద్యం, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ధింసా, ఏ పండుగ, తేదీ ఉంటే చాలు. బడి నోటుపుస్తకంలో ఒక పేజీ సరిపోతుంది. కాగితం పోతుందన్న భయం ఉంటే రికార్డింగ్ మొదలుపెట్టే ముందు వాయించేవారి చేతే వాళ్ల పేరు, ఊరు పలికించి, ఆ తర్వాత వాయించమనాలి. ఫైలు పేరు మార్చినా, వీడియో చేతులు మారినా, ఆ నాలుగు మాటలు కోసెయ్యనంత కాలం సంగీతంతో పాటే వెళతాయి. పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఏర్పాటు చేసే కార్యక్రమాల్లో, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవ వేదికల మీద ధింసా బృందాలు ఆడుతూనే ఉంటాయి. వేదిక మీద నాయకుల పేర్లు చదివే మైకులోనే తుడుము, మోరి వాయించేవాళ్ల పేర్లూ చదవవచ్చు. ముందుగా జి.మాడుగులలో ఆడే బృందాల పేర్లు ఈ ఆగస్టు నుంచే రాయడం మొదలుపెట్టవచ్చు.