ఏ పట్టణమునకు పోవలెను?

గాంధారి, ఎల్లారెడ్డి ప్రాంతముల తల్లిదండ్రులు వేసవి సెలవులకు ముందు మమ్ముఁ దఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, బోరు ఎండిపోవుచున్నది. పిల్లలకు పైచదువు కావలెను. హైదరాబాదు మా శక్తికి మించినది. కామారెడ్డికిఁ బోదుమా, నిజామాబాదుకా, మెదకుకా?" అని. ఇది ఒక కుటుంబము పదియేండ్ల బ్రతుకును నిర్ణయించు ప్రశ్న కావున దీనిని కొంత వివరముగా విచారింపఁదలఁచితిమి.

1885వ సంవత్సరమున రావెన్‌స్టైన్ అను పండితుఁడు బ్రిటిషు జనాభా లెక్కలను పరిశీలించి, ఊరు విడుచువారిలో హెచ్చుమంది దూరమునకుఁ బోక సమీప పట్టణమునకే పోవుదురనియు, అక్కడివారు పెద్ద నగరమునకు నడచినపుడు ఖాళీయైన చోటికి మారుమూలవారు వచ్చి చేరుదురనియుఁ జెప్పెను. కామారెడ్డిని చూచి వ్రాసెనా యనిపించును! గల్ఫు దేశములకుఁ బోయిన మన మగవారు మాత్రము ఈ నియమమునకు లోఁబడరు. అయినను వారు పంపు ధనముతోఁ గట్టు ఇల్లు మరల సమీప పట్టణమునందే లేచుచున్నది.

ముందుగాఁ గామారెడ్డి సంగతి. హైదరాబాదు–గోదావరి లోయ రైలుమార్గము 1899–1901 సంవత్సరముల నడుమ వేయఁబడినపుడు అది గాంధారిని తాకలేదు, కామారెడ్డిని తాకెను. పట్టణమైనది కామారెడ్డి. దానికిఁ దోడు 44వ జాతీయ రహదారి యున్నది, బెల్లపు వ్యాపార మున్నది. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైన పిదప కచేరీలన్నియు నక్కడికే వచ్చెను. పాడిపరిశ్రమను బోధించు కళాశాల చిరకాలముగా నున్నది. ప్రభుత్వ వైద్యకళాశాల 2023లో ప్రారంభమయ్యెను. తెలంగాణ విశ్వవిద్యాలయమువారి దక్షిణ ప్రాంగణము సమీపమున భిక్కనూరునందుఁ గలదు.

అయితే మా దృష్టిలో దాని ముఖ్యగుణము ఇవేవియుఁ గావు. గాంధారినుండి పోయిన మనుష్యుఁడు ఉదయము బస్సెక్కి పొలము చూచుకొని, ముసలి తల్లికి మందు ఇప్పించి, సాయంకాలమునకు ఇల్లు చేరఁగలఁడు. కొంచెమైనను భూమి నిలుపుకొనఁదలఁచినవారికి దీనికి మించిన సౌకర్యము లేదు. ఊరు విడిచిన కుటుంబములు రెండు మూడేండ్లకే పొలమమ్ముకొనుటకుఁ గారణము తఱచుగా అప్పు కాదు, దూరము.

కాని కామారెడ్డిలో ఇల్లు చూచుకొనువారు ఒక్క విషయమున జాగ్రత్త వహింపవలెను. 2025 ఆగస్టు చివరి వారమునఁ గురిసిన మహావర్షమునకు అక్కడి పల్లపు కాలనీలు నీట మునిఁగెను. రైలుకట్ట కోసుకొనిపోయెను, రహదారి తెగెను. చౌకగా దొరకు ప్లాటు వాగు ప్రక్కనో చెఱువు శిఖములోనో యుండుట కలదు. బయానా ఇచ్చుటకు ముందు అక్కడి ముసలివారిని "ఈ నేలలో నీరెంతవఱకు వచ్చెను?" అని యడుగుఁడు. దస్తావేజులో లేని సంగతి వారి నోట వినఁబడును.

నిజామాబాదు, అనఁగా పూర్వపు ఇందూరు, ఇంతకంటెఁ బెద్దది. 2011 లెక్కలలో కామారెడ్డి జనము సుమారు 80 వేలు. నిజామాబాదు జనము 3 లక్షలు దాటినది. అక్కడి ప్రభుత్వ వైద్యకళాశాల 2013 నాఁటిది. డిచ్‌పల్లి విశ్వవిద్యాలయము 2006 నాఁటిది. పసుపు మార్కెట్టు ప్రసిద్ధము. జాతీయ పసుపు బోర్డు కూడ 2025లో నక్కడనే ప్రారంభమయ్యెను. బిడ్డ డిగ్రీకిఁ బోవు వయసునకు వచ్చి, పొలమును కౌలుకిచ్చుటకు మనసొప్పినయెడల నిజామాబాదే మేలు. అద్దెలు మాత్రము ఆ మేరకు హెచ్చును.

బోధనునకుఁ బోవఁదలఁచిన కొందఱికి మేము చెప్పునది వేఱు. 1937లో నెలకొన్న నిజాం చక్కెర కార్ఖానా ఆ పట్టణమును బెంచెను. దాని పేరు మీఁదనే శక్కర్‌నగర్ అను పేట వెలసెను. ఒకప్పుడు ఆసియాలోనే గొప్పదని పేరొందిన ఆ కార్ఖానా 2015 డిసెంబరులో మూతఁబడెను. దానితో కార్మికుని జీతము, చెఱకు బండి తోలువాని కూలి, కిరాణా దుకాణము బేరము ఒక్కసారిగాఁ బోయెను. ఒకే గొట్టపు పొగను నమ్ముకొన్న ఊరు ఆ పొగ యారిననాఁడు చిక్కుపడును. కావున నాలుగు విధముల పనులు దొరకు పట్టణమును వెదకుకొనవలెను.

మెదకు మన మిషను కుటుంబములకుఁ బ్రియమైనది. పాస్నెట్ దొరగారి పర్యవేక్షణమునఁ గట్టఁబడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపఁబడిన ఆ దేవాలయము, కరవు దినములలో వందలమందికిఁ బనియుఁ గూడును ఇచ్చిన కథ యెఱుఁగనివారెవరు? 2022 సెప్టెంబరులో రైలు కూడ వచ్చెను. అయినను అభిమాన మొకటి, జీవనోపాధి యొకటి. పట్టణము చిన్నది. అక్కడ బంధువులో పనియో ముందే యున్నవారు పోవచ్చును. ఏదియు లేనివారిని మేము ప్రోత్సహింపము. కరీంనగరము, వరంగల్లు మంచివే కాని, గాంధారివారికి అవి పరాయి బజారులు.

ఇల్లాలి పనిని లెక్కలోఁ జేర్చుకొనని నిర్ణయము సగము నిర్ణయమే. మన ప్రాంతమున బీడీలు చుట్టు తల్లుల రెక్కల మీఁద ఎందఱో పిల్లలు చదువుచున్నారు. కార్ఖానా పట్టీలోఁ బేరుండి పి.ఎఫ్. కోఁత పడుచున్న తల్లి, క్రొత్త ఊరిలో ఆకు తంబాకు ఇచ్చువాఁడు కలఁడో లేఁడో తెలిసికొనక కదలరాదు, పాత పి.ఎఫ్. లెక్కను వదలుకొనరాదు.

ఇఁక నీరు. మంజీరపై 1923–1931 నడుమఁ గట్టిన నిజాంసాగరము కాలువల క్రింద బాన్సువాడ, బోధను పచ్చఁబడెను. గాంధారి మెట్టలు చాలవఱకు బోరులనే నమ్ముకొనవలసి వచ్చెను. ఎగువ సింగూరు నీరు హైదరాబాదు దాహము తీర్చుచున్నది. పట్టణమునకుఁ బోయినంతమాత్రమున నీటి చింత తీఱునని తలంపరాదు. వర్షకాలమున ఇల్లు చూచి ముచ్చటపడువారు ఏప్రిలు, మే నెలలలో మఱల నొకసారి పోయి, నల్లా ఎన్ని దినముల కొకసారి వచ్చుచున్నదో, ట్యాంకరు నీటికెంత పుచ్చుకొనుచున్నారో ప్రక్కింటివారి నడిగి రావలెను. వీలైనచో ఇంటిపెద్ద ఒక్కఁడే ముందుగాఁ బోయి అద్దెగదిలో నెల దినములుండి చూచుట యుత్తమము. పదవ తరగతి బిడ్డ యున్న ఇంటివారు మార్చి పరీక్షలు ముగియువఱకు సామాను కట్టకుండుట మంచిది.